విప్పకుండా వేదిక దిగాను

పదకొండేళ్ళ కిందట నేను వేదిక మీద ఒక గారడీ చేశాను. దాన్ని విప్పి చూపించకుండా దిగిపోయాను. అప్పటినుంచీ అది నా గొంతులో అడ్డంగా ఉంది. దాన్ని పెట్టుకునే ఉపన్యాసాలిచ్చాను. దాన్ని పెట్టుకునే వ్యాసాలు రాశాను, చప్పట్లు కొట్టించుకున్నాను, మూడు పూటలా తిన్నాను. ఈ కాగితం చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళ ముందు నేను వాదిస్తాను. వాదిస్తే గెలుస్తాను. గెలవడం నా పాత జబ్బు, థైరాయిడ్ కంటే చాలా పాతది.

గారడీ విప్పడమంటే ఏమిటో ముందు చెప్పాలి.

భిలాయిలో మాదొక చిన్న హేతువాద బృందం. ఉక్కు ప్లాంటులో పనిచేసి రిటైరైనవాళ్ళు, వాళ్ళ కొడుకులూ కోడళ్ళూ, నాలాంటి బడిపంతులమ్మలు ఇద్దరు. నేను లెక్కలు చెప్పేదాన్ని. ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్లలో గానీ, చరోదా రైల్వే కాలనీలో గానీ ఫలానా బాబా గాలిలోంచి విభూతి తీశాడని తెలిస్తే, పై ఆదివారం అక్కడ మా సంచి దిగేది. ఆ సంచిలో నాలుక మీద వెలిగించే కర్పూరం ఉండేది, రంగు మారే నీళ్ళుండేవి, ఒక రేకు డబ్బా ఉండేది. డబ్బాకి అడుగు రెండు పొరలు. ఖాళీ డబ్బా అందరికీ చూపించి, మూత పెట్టి తీస్తే నిండా బూడిద. జనం దండం పెట్టబోతారు. సరిగ్గా అప్పుడు డబ్బా బోర్లించి, ఆ దొంగ అడుగు ఊడదీసి, ముందు వరసలో కూచున్నవాళ్ళ చేతికివ్వాలి. వాళ్ళు దాన్ని తిప్పి చూసి వెనక వరసకి అందించాలి. అది హాలంతా తిరిగి మళ్ళీ మా దగ్గరికి వచ్చేదాకా వేదిక దిగకూడదు. బృందాన్ని పెట్టిన మాస్టారి నియమం ఇది. ఆయన ఇప్పుడు లేరు. ఆయన మాట మాత్రం నన్ను వదలదు: "గారడీ చేసి విప్పకుండా దిగితే, నీకూ బాబాకీ తేడా గుడ్డ రంగొక్కటే."

ఇక ఈశ్వరి గురించి.

ఈశ్వరి కోహ్కాలో తన ఇంటి ముందు గదిలో బట్టలు కుడుతుంది. ఆమె నాన్న పలాస వైపు నుంచి వచ్చి ప్లాంటులో ఖలాసీగా చేరాడు. ఈశ్వరి ఇక్కడే పుట్టింది. ఇంట్లో మాట్లాడే తెలుగు తప్ప చదివే తెలుగు లేదు, బడిలో నేర్చుకున్నది హిందీ. ఇరవై ఏళ్ళుగా నా జాకెట్లు ఆమే కుడుతోంది. మొదటిసారి చూసినప్పుడు ఆమె మెడలో నల్లతాడుకి కట్టిన తాయెత్తు ఉంది. గొంతు కింద వాపుకట. మనిషంతా ఉబ్బి, మాట నెమ్మదించి, కుట్టు మిషను ముందే కునికిపాట్లు పడుతోంది. తాయెత్తు తీయించి, ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాను. థైరాయిడ్. గొంతులోని గ్రంథి చేయాల్సిన పని చేయడం లేదు. దాని బదులు రోజూ పరగడుపున ఒక మాత్ర. అప్పటికి రెండేళ్ళ ముందునుంచే నేనూ అదే మాత్ర వేసుకుంటున్నాను.

మూడు నెలల్లో ఈశ్వరి లేచి తిరిగింది.

"దేవుడి తరవాత మీరే దీదీ" అంది ఒకరోజు.

"రక్తపరీక్ష ముందు, నేను తరవాత. దేవుడు లైన్లోనే లేడు" అన్నాను.

"ఆయన లైన్లో ఎందుకుంతాడు, ఆయన వీఐపీ కాదేటి" అని నవ్వింది.

నేను చేసిన మంచి ఇంతే. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తరవాత చేసిందంతా ఈ మంచి సంపాదించిపెట్టిన నమ్మకం మీద నిలబడి చేశాను.

మాత్రతో నా నీరసం పోయింది. ఒళ్ళు మాత్రం పెద్దగా తగ్గలేదు. డాక్టరు ముందే చెప్పాడు, మాత్ర ఉన్నది గ్రంథి లోటు పూడ్చడానికి, సన్నబడ్డానికి కాదని. నాకు అర్థమైంది కూడా. అర్థమవడానికీ ఒప్పుకోడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో నాకు కుమ్హారిలో తెలిసింది.

కుమ్హారిలో ఒక బహిరంగ చర్చ. అటువైపు ఒక స్వామి శిష్యుడు. గంటసేపు నేను అతని ఒక్కో మాటనీ ఉతికి ఆరేశాను. చివర్లో అతను చేతులు జోడించి, చాలా మర్యాదగా అన్నాడు: "అమ్మా, మీ సైన్సు మీ ఒంటినే లొంగదీసుకోలేకపోయింది. మా మనసుల్ని ఏం లొంగదీస్తుంది?" హాలు నవ్వింది. మావాళ్ళూ నవ్వారు. మాస్టారు తల వంచుకున్నారు గానీ ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

జవాబు ఒక్క వాక్యం. "నాకు థైరాయిడ్ ఉంది, సైన్సు నాకు ప్రాణం ఇచ్చింది, నడుము ఇస్తానని ఎప్పుడూ చెప్పలేదు." అంతే. ఆ వాక్యం నా నాలుక మీదే ఉంది. అనలేదు. వేదిక మీద నిలబడి నాకు రోగం ఉందని చెప్పడం ఓడిపోవడంలా అనిపించింది. రోగం ఓటమి అని నాకెవరు నేర్పారు? ఏ పుస్తకం? కర్మఫలం అనే మాట మీద ఇరవై వ్యాసాలు రాసినదాన్ని, నా ఒంటిని నేనే పాపఫలంలా చూసుకున్నానా? అవును. అలాగే చూసుకున్నాను.

ఆ మాత్ర ఎక్కువైతే మనిషి చిక్కిపోతాడని చదివి ఉన్నాను. ఎందుకు చిక్కుతాడో, గుండెనీ ఎముకల్నీ అది ఏం చేస్తుందో కూడా చదివి ఉన్నాను. తెలియక చేశానని చెప్పుకునే అదృష్టం నాకు లేదు. చరోదాలో, నన్నెవరూ ఎరగని ఒక మందుల దుకాణంలో, పాత చీటీ చూపించి ఎక్కువ మాత్రలు కొన్నాను. వాటిని ఎక్కడ దాచానో కూడా రాయాలి. మా సంచిలో ఉన్న రేకు డబ్బాలో దాచాను. దొంగ అడుగు కింద. మా ఇంట్లో ఆ సంచి ఎవరూ ముట్టుకోరు, అది ఉద్యమం సంచి. ప్రదర్శన ఉన్న ఆదివారాల్లో ముందే తీసేసేదాన్ని. రోజూ పొద్దున బాబాల మోసాన్ని చూపించే డబ్బా తెరిచి, నా మోసం తీసి మింగేదాన్ని.

రక్తపరీక్షకి వెళ్ళడం మానేశాను. కొలతను నమ్మండి, కొలతను నమ్మండి అని ఊరంతా తిరిగి చెప్పినదాన్ని, కొలత బయటపెడుతుందని భయపడి.

ఒళ్ళు తగ్గింది. వేగంగా తగ్గింది. దానితోపాటు చేతులు వణకడం మొదలైంది, బోర్డు మీద సున్నా చుడితే గుడ్డులా వచ్చేది. జనవరి చలిలో చెమటలు పోసేవి. ప్రతి మాటకీ కోపం. ఆ కోపాన్ని మావాళ్ళు ఉద్యమావేశం అనుకున్నారు. నా ఉపన్యాసాలు ఎప్పుడూ లేనంత బాగున్నాయని మెచ్చుకున్నారు. ఆ ఉపన్యాసాలు ఇచ్చింది నేను కాదు, ఎక్కువైన మందు. ఇప్పుడు ఆ పాత రికార్డింగులు ఎవరైనా పెడితే లేచి బయటికి వెళ్ళిపోతాను.

వార్షిక సభ దగ్గర పడింది. పాత జాకెట్లన్నీ వదులైపోయాయి. కొత్తది కుట్టించుకోడానికి కోహ్కా వెళ్ళాను.

ఈశ్వరి దగ్గర ఒక కొలతల పుస్తకం ఉండేది. ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ. నా పేజీ మీద హిందీలో 'మేడమ్ దీదీ' అని రాసి ఉండేది. టేపు నా ఛాతీ చుట్టూ తిప్పి, ముందువైపు రెండు వేళ్ళతో పట్టుకుంది. పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"దీదీ, మీ గుండె టేపుని తన్నుతున్నాది."

"నడిచి వచ్చాను."

"ఆటోలో దిగినారు. నేను సూసినాను."

ఆమె టేపు వదలకుండానే ఎడమ చేత్తో పుస్తకం తిప్పింది.

"పోయిన దసరాకి ఇది. ఇప్పుడు ఇది. ఇంత బేగి ఎలగ తగ్గినారు దీదీ? నేనూ అదే గోలీ తింతన్నాను కదా. నాకు ఒక్క ఇంచీ కూడా తగ్గనేదు."

"నడక. నోరు కట్టుకోవడం."

"అంతేనేటి?"

"అంతే."

ఆమె నా మొహంలోకి చూసింది. గొంతు తగ్గించి అడిగింది. "గోలీ ఏటైనా ఎక్కువ ఏసుకుంతన్నారేటి? సచ్ సెప్పండి. సేతులు కూడా వొణుకుతన్నాయి మీకు."

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. రెండు వేళ్ళూ ఒక టేపూ ఒక పుస్తకమూ పెట్టుకుని, చూసింది, లెక్క వేసింది, పోల్చింది, సరైన ప్రశ్న అడిగింది. నేను ఏళ్ళ తరబడి జనానికి ఏం నేర్పాలని గొంతు చించుకున్నానో అది నా కళ్ళముందే జరిగింది. నేనేం చేశాను?

"నీ వేళ్ళకి భ్రమ, ఈశ్వరీ" అన్నాను. "పొద్దున్నుంచీ కుట్టి అలిసిపోయి ఉంటావు. రుజువు లేకుండా అనుమానపడకూడదని నీకెన్నిసార్లు చెప్పాను?"

పుస్తకం మూసింది. తరవాత టేపు తీసేసింది.

"సర్లెండి. మీరు అబద్దం ఎందుకు సెప్తారు" అంది.

ఆ వారమే సభ. నేను కొత్త జాకెట్టు తొడుక్కుని వేదిక ఎక్కాను. చేతిలో పాత జాకెట్టు ఉంది, ఈశ్వరి కుట్టిందే. దాన్ని రెండు చేతులతో చాపి పట్టుకుని జనానికి చూపించాను. కుమ్హారిలో నవ్వినవాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు. "ఇందులో మంత్రం లేదు, తాయెత్తు లేదు, విభూతి లేదు" అన్నాను. "నాకు థైరాయిడ్ ఉంది. అయినా తగ్గాను. నడిచాను, నోరు కట్టుకున్నాను, బుద్ధి ఉపయోగించాను. మనిషి సంకల్పానికి సైన్సు తోడైతే ఇది జరుగుతుంది." రోగం ఉందని చెప్పాను చూడండి. గెలిచాక చెప్పాను. చప్పట్లు ఆగలేదు. మూడో వరసలో ఈశ్వరి కూడా కొట్టింది.

మాస్టారు మొదటి వరసలో ఉన్నారు. దొంగ అడుగు ఆయన చేతికి ఇవ్వలేదు నేను. జాకెట్టు మడతపెట్టి సంచిలో వేసుకుని మెట్లు దిగాను.

మర్నాటినుంచి ఈశ్వరి తనూ నాలాగే తగ్గాలని మొదలుపెట్టింది. నేనే కూచుని ఆమెకి నియమాలు రాసిచ్చాను, హిందీలో, అంకెలు వేసి. ఎండ ముదరకముందే గంట నడక. రాత్రి అన్నంలో నీళ్ళు పోసుకుని పొద్దున్నే తినే బాసి మానెయ్యాలి. మధ్యాహ్నం రెండు రొట్టెలు, సాయంత్రం ఒకటి. ఎండాకాలంలో భిలాయి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఎండలో, ఆ తిండితో, పెళ్ళిళ్ళ సీజను జాకెట్లు కుడుతూ రెండు నెలలు నడిచింది. మొదట కొంచెం తగ్గింది. తరవాత ఆగిపోయింది. ఒకసారి మిషను మీదికి తూలిపడింది. తగ్గలేదు దీదీ, ఇంక తగ్గడంలేదు అని నా దగ్గరికి వచ్చింది.

నేనేమన్నానో విన్నాక ఈ కాగితం పక్కన పడేస్తే మీ తప్పు లేదు. "చాటుగా తింటున్నావు" అన్నాను.

చాటుగా మింగుతున్నది నేను. రోజూ. ఆ పొద్దున కూడా.

ఈశ్వరి ఏడవలేదు. కూతురి తలమీద ఒట్టు పెట్టింది, చాటుగా మెతుకు ముట్టలేదని. ఒట్లు మూఢనమ్మకమని ఆమెని కసిరాను. పట్టుదల లేని మనుషులే ఒట్లు పెడతారని అన్నాను. ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి, చెప్పులు వేసుకుంటూ, "నా ఒళ్ళే దొంగదేమో దీదీ" అని వెళ్ళిపోయింది.

దానికి నా దగ్గర జవాబు ఉంది. ఆమె ఒళ్ళు దొంగది కాదు. దొంగ డబ్బా నా ఇంట్లో ఉంది. వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి ఆమెను చూశాను, పిలవలేదు. ఎందుకు పిలవలేదు? మర్నాడు సెక్టార్లో ఒక ఆడవాళ్ళ సంఘంలో నా ఉపన్యాసం ఉంది, ఇదే విషయం మీద. అంతకంటే పెద్ద కారణం వెతికాను ఇన్నేళ్ళూ. లేదు.

ఆ తరవాత ఆరేడు నెలలు ఈశ్వరి నా దగ్గరికి రాలేదు. వాళ్ళ అత్త ఆమెను చరోదాలో ఒక బాబా దగ్గరికి తీసుకెళ్ళిందని తరవాత తెలిసింది. ఒళ్ళు ఉబ్బుతున్నది ఆ మాత్ర వల్లేనని అతను చెప్పాడు. ఒక పసరు పొడి ఇచ్చి మాత్ర మాన్పించాడు. మానేసింది. చలికాలం వచ్చేసరికి గొంతు మొద్దుబారింది, మొహం వాచింది, ఇంట్లో కూడా శాలువా కప్పుకుని కూచునేదట. కుడిచేతి వేళ్ళలో స్పర్శ తగ్గుతోందని అంటుండేదట. ఒక పొద్దున మిషను ముందు తల వాల్చింది. పిలిస్తే పలకలేదు.

ఆస్పత్రికి వెళ్ళాను. ముక్కులో గొట్టం, కళ్ళు మూసుకుని ఉంది. మంచం పక్కన నిలబడినప్పుడు నాకు మొదట కలిగిన భావం ఏమిటో ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. హమ్మయ్య అనిపించింది. మాట్లాడే స్థితిలో లేదు కదా, టేపు సంగతి ఎవరికీ చెప్పదు కదా అని. దాని తరవాతే జాలి వచ్చింది. వరస అది. నేను మార్చి రాయను.

బయట వరండాలో వాళ్ళ అత్త కూచుని ఉంది. నేను బాబా గురించి ఎత్తగానే మొహం తిప్పుకుంది.

"బాబా దగ్గరికి ఊరికే ఎల్నేదమ్మా. మీరు సెప్పినట్టు మాడి మాడి, తగ్గక, దొంగతిండి తింతందని మీ సేత అనిపించుకుని, అప్పుడు ఎల్లినాది. ముందు మీ కాడికే వొచ్చినాది కదేటి."

ఈ మాట నా చెవిలో పడింది. రాసుకునే అలవాటున్న మనిషిని, ఇంటికెళ్ళి అన్నీ రాసుకున్నాను. బాబా, పసరు పొడి, అత్త, శాలువా, మొద్దుబారిన గొంతు. ఈ మాట ఒక్కటీ రాసుకోలేదు. రెండు వారాల్లో ఒక తెలుగు పత్రికలో నా వ్యాసం వచ్చింది. మూఢనమ్మకం ఒక కష్టజీవిని చావు అంచుకి ఎలా నెట్టిందో రాశాను. బాబా చేసింది నేరమే, అందులో అనుమానం లేదు. అతని మీద రాసిన ప్రతి అక్షరం నిజం. నిజాలతో కట్టిన అబద్ధం ఎంత గట్టిగా నిలబడుతుందో నాకు అప్పుడే తెలిసింది. ఆ వ్యాసం చదివి ఏడ్చామని ఉత్తరాలు వచ్చాయి. రాయపూర్‌కి పిలిచి మాట్లాడించారు. నేను రాసినవాటిలో జనం ఇప్పటికీ గుర్తు చేసేది అదే.

ఈశ్వరి కోలుకుంది. మాత్ర మళ్ళీ మొదలైంది, మనిషి నిలబడింది. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. చేతికుట్టు పని, హుక్కులూ కాజాలూ, ఇప్పుడు ఇంకొకరి చేత చేయిస్తుంది. ఇంటికొచ్చాక నాకు కబురు పెట్టింది. తన గురించి పుస్తకంలో పడిందటగా, చదివి వినిపించమని.

వెళ్ళాను. పత్రిక తెరిచి చదివాను. మధ్యలో మూడు వాక్యాలు ఉన్నాయి. పట్టుదల లేని మనసు మహిమల్ని వెతుక్కుంటుందని, తిండిని అదుపులో పెట్టుకోలేనివాళ్ళు తాయెత్తుని ఆశ్రయిస్తారని, ఇలాంటి బద్ధకమే బాబాల పెట్టుబడి అని. ఆ మూడూ వదిలేసి చదివాను. గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. ఎన్నేళ్ళ వేదికల అనుభవం. ఆమెకి తెలుగు చదవడం వచ్చి ఉంటే నేను ఆ వాక్యాలు రాసేదాన్నే కానని మీకు తెలుస్తోంది కదా.

"బాగా రాసినారు దీదీ" అంది. పత్రిక అడిగి తీసుకుని, కొలతల పుస్తకంలో పెట్టుకుంది.

ఇంత జరిగాక కూడా నేను ఎక్కువ మాత్రలు మానలేదు. ఇది విడిగా చెప్పాలి. ఆమె మంచం చూశాక కూడా ఇంకో ఏడాది మింగాను. ఒక సభలో గుండె అదుపు తప్పి కుర్చీలో కూలబడితే అప్పుడు మానాను, భయంతో మానాను. మాత్ర ఎక్కువ పడుతోందా అని డాక్టరు అడిగితే, లెక్క తప్పి ఉంటానని చెప్పాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఒళ్ళు మళ్ళీ వచ్చింది. వయసు అన్నాను. అందరూ తలాడించారు. రుజువు అడగండి అని నేను అంత గట్టిగా నేర్పినవాళ్ళలో ఒక్కరు కూడా నన్ను రుజువు అడగలేదు.

పోయిన నెల సంచి అప్పగించేశాను. మోకాళ్ళు సహకరించడం లేదు, బృందంలో కొత్తవాళ్ళు వచ్చారు. ఇచ్చేముందు అన్నీ తుడిచి సర్దాను. డబ్బా బోర్లించి, తుప్పుపట్టిన దొంగ అడుగు ఊడదీస్తే దాని అంచు మడతలో ఖాళీ మాత్రల రేకు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. పదేళ్ళ బూడిద దానికి పట్టి ఉంది. గోటితో గీకి తీశాను. ఆ గోరు నాకే అసహ్యమనిపించింది, పూర్తిగా కత్తిరించేశాను. పిచ్చి పని. తెలుసు.

తుప్పుపట్టిన ఆ అడుగు నేనే ఉంచుకుని, డబ్బాకి కొత్తది వేయించి ఇచ్చాను. ఆ సాయంత్రం ఇది రాయడం మొదలుపెట్టాను. కింద నా పేరు పెట్టలేదు. పేరు పెడితే ఇది నా ధైర్యం అయిపోతుంది, మళ్ళీ చప్పట్లు పడతాయి, ఎంత నిజాయితీ అంటారు. ఆ మాట నేను భరించలేను. ఇది ఒక కారణం. భయం ఇంకో కారణం. భిలాయిలో మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి. కానీ ఇక్కడిదాకా రాశాక ఒక సంగతి తట్టి పెన్ను ఆగిపోయింది. ఎవరికి అన్యాయం చేశానో ఆ మనిషికి చదవడం రాని లిపిలో కూచుని ఒప్పుకుంటున్నాను. మళ్ళీ అదే పని. ఆమె గురించి ఆమెకు అందని భాషలో.

అందుకని ఈ కాగితాలు తీసుకుని మొన్న కోహ్కా వెళ్ళాను. మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ. చదివి వినిపిస్తానని చెప్పాను. "మళ్ళీ నా మీద రాసినారేటి" అని నవ్వి, మిషను తొక్కుతూనే వింది. మొదటినుంచీ చదివాను. ఆనాటి మూడు వాక్యాలూ చదివాను. ఆస్పత్రిలో కలిగిన హమ్మయ్య కూడా చదివాను. ఈసారి గొంతు తొట్రుపడింది. ఎక్కడో మిషను ఆగింది. ఎక్కడ ఆగిందో నేను చూడలేదు, కాగితం మీంచి తల ఎత్తే శక్తి లేదు.

అయిపోయాక తల ఎత్తాను. ఆమె తన కుడిచెయ్యి చూసుకుంటోంది. బాబా గురించి అడగలేదు. వ్యాసం గురించి అడగలేదు.

"అయితే ఆ రోజు గుండె తన్నినాది నిజమేనన్నమాట."

"నిజమే."

"నా సేతి ఏళ్ళు అబద్దం సెప్పనేదు."

"చెప్పలేదు."

మొద్దుబారిన రెండు వేళ్ళనీ బొటనవేలితో రుద్దుకుంది. "ఆ రోజునుంచి ఎవరి కొలత తీసినా రెండేసిసార్లు తీస్తన్నాను దీదీ. పెళ్ళికూతుళ్ళు నవ్వుతారు. ఈ సేతి ఏళ్ళు మొద్దుబారకముందు నుంచే. మీకు తెల్దు."

నాకు తెలియదు. నేను ఆమె దగ్గర దోచింది తన వేళ్ళ మీద తనకున్న నమ్మకమని నాకు అప్పటిదాకా తెలియదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. అడిగితే ఆమె సరేననేస్తుంది. పెద్దదాన్ని, దీదీని, ఇంటికొచ్చి కూచున్నాను, కాదనే వీల్లేదు ఆమెకి. అందుకని అడగలేదు. ఆమె తనంతట తాను ఇవ్వనూ లేదు. కొలతల పుస్తకం తెరిచి, అందులోంచి ఆ పాత పత్రిక తీసి, నా చేతిలో పెట్టింది.

అంతలో ఎవరో ఒకావిడ జాకెట్టు గుడ్డ పట్టుకుని లోపలికి వచ్చింది. ఈశ్వరి లేచి టేపు తీసుకుంది. నేను గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ నిలబడి చూశాను. ఛాతీ కొలిచింది, అంకె రాసుకుంది. ఒక క్షణం ఆగింది. మళ్ళీ టేపు చుట్టింది.

నా చేతిసంచిలోంచి ఆ దొంగ అడుగు రేకు తీసి ఆమె మిషను బల్ల మీద పెట్టి వచ్చేశాను. పదకొండేళ్ళు ఆలస్యంగా విప్పాను. నా గొంతులో ఇప్పుడు అడ్డం లేదు. ఆమె కొలతలు మాత్రం రెండేసిసార్లే.